జొన్నల బిడ్డ

ఆ పొద్దు కట్టమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. చంకలోని బట్టబొమ్మను జనగామ దవాఖానలో ఇచ్చి, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం. నెలలు నిండిన మనిషి మరి.

ఆమె మొదటి కాన్పుకు వచ్చిన కొత్త డాక్టరు, బిడ్డ తల కనబడగానే కళ్లు తిరిగి పడ్డాడు. బిడ్డను పట్టాలో, ఆయన ముఖాన నీళ్లు కొట్టాలో తెలియక నర్సు రహీమాబీ ఆగమైపోయింది. ఆయన బదిలీ అయ్యాడు. ఇప్పుడు వచ్చిన అక్తరు కూడా మొన్ననే పరీక్ష గట్టెక్కినవాడు.

"బొమ్మ కుట్టియ్యి చెల్లే, కాన్పు జేసుడు నేర్పుత. బరువు మాత్రం అసలు బిడ్డ లెక్కనే ఉండాలె," అన్నది రహీమాబీ. పోయేది తన ప్రాణమే గనుక కట్టమ్మ పాత చీర చింపి, మూడు సేర్ల జొన్నలు నింపి, కుట్టు మీద కుట్టు వేసింది.

ఆ జొన్నలే కొంప ముంచాయి. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లకు గింజ అందకూడదని నైజాం పోలీసులు దారిలో నాకా పెట్టి మూటలన్నీ విప్పిస్తున్న రోజులవి. జమేదారు గుడ్డ తొలగించాడు. ముఖం లేని బిడ్డ. నొక్కితే గరగరమన్నది.

"జొన్నలు! ఎవరికి? సంఘపోళ్లకా?"

"కాదు సారూ, డాక్టరుకు."

"డాక్టరు తింటడా గిది?"

"తినడు. పుట్టిస్తడు."

జమేదారుకు అది వెక్కిరింపుగా తోచింది. దవాఖానకు మనిషిని పంపి డాక్టరును పిలిపించాడు. తుపాకులు చూడగానే అక్తరు రెండు చేతులూ పైకెత్తాడు.

"గీ బిడ్డ నీదేనా?"

"తోబా! నాకింక షాదీ గూడ కాలేదు సాబ్!"

కట్టమ్మ నెత్తి కొట్టుకుంది. వెనకే ఉరికొచ్చిన రహీమాబీ సంగతంతా విప్పి చెప్పింది.

"నిజమే అయితే జేసి చూపియ్యుండ్రి," అన్నాడు జమేదారు.

రహీమాబీ గోనెసంచిలో బొమ్మను పెట్టి మూతి బిగించి పట్టుకుంది. అక్తరు బావిలో బొక్కెన చేదినట్టు గుంజాడు. మెడ దగ్గర కుట్టు తెగి గుప్పెడు జొన్నలు రాలాయి. సంతకు పోయే ఆడవాళ్లు మూగారు.

"గుంజకు సారూ! తలకాయ వట్టి మెల్లగ కిందికి వంచు!" అని కట్టమ్మ అరిచింది.

"గది బిడ్డా, బర్రెదూడా?" అన్నది వాళ్లలో గంప దించిన బుచ్చమ్మ.

"నాకింక నమ్మకం కుదర్లే. మల్లొక్కపారి," అన్నాడు జమేదారు.

పదకొండోసారికి బిడ్డ సుతారంగా అక్తరు చేతుల్లోకి జారింది. జమేదారే ముందుగా "శాబాష్!" అన్నాడు. వెంటనే తన కొలువు గుర్తొచ్చి, "జొన్నలు జప్తు, బిడ్డ విడుదల" అని కాగితం మీద రాసుకున్నాడు. ఖాళీ బొమ్మను చంకన వేసుకొని, 'జొన్నలు వోతే వోయినయి, పానం దక్కుతది' అనుకుంది కట్టమ్మ.

మూడోనాడే నొప్పులు వచ్చాయి. అక్తరు చేతులు కడుక్కొని వచ్చాడు. తల పట్టాడు, మెల్లగా వంచాడు, భుజం విడిపించాడు, బిడ్డను రహీమాబీ చేతుల్లో పెట్టాడు. ఆమె ఒక్క మాట చెప్పాల్సిన పని పడలేదు. కట్టమ్మ కళ్లు మూసుకొని, పోయిన జొన్నలకు మనసులోనే దండం పెట్టుకుంది.

రహీమాబీ వీపు రుద్దగానే బిడ్డ కేరుమన్నది. వెనకాల దబ్బున చప్పుడైంది.

"ఏమైందక్కా మల్ల?"

"ఏముంది, పడ్డడు! ఏడుపుకు జడుసుకున్నడు," అంటూ రహీమాబీ నీళ్ల చెంబు వెతికింది.

తప్పు కట్టమ్మదే. జొన్నల బిడ్డకు అన్నీ కుట్టింది గానీ, ఏడుపు కుట్టడం మరిచిపోయింది.