కోపం లేని రేకు

లోహాలకు కూడా కోపతాపాలుంటాయని మన అధికార యంత్రాంగం గుర్తించడానికి ఒక తుపాను కావలసి వచ్చింది. తొంభైతొమ్మిదిలో ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు ఇళ్ల కప్పులూ కొట్టుకుపోయాయి. కప్పుపోయిన వాళ్లకు అల్యూమినియం రేకులివ్వాలన్నారు. ఏ రకం రేకులో తేల్చడానికి టెక్కలిలో ‘రేకుల స్వభావ నిర్ధారణ సంఘం’ వెలిసింది. (రేకులు అందడానికి మాత్రం మరో వేసవి పట్టింది.)

కంపెనీ పంపిన పట్టికలో ప్రతి రేకుకీ రెండు గుర్తులున్నాయి. అంకె, అల్యూమినియంలో ఏం కలిపారో చెబుతుంది. దాని పక్కనున్న ‘టెంపర్’, రేకు ఎంత గట్టిదో చెబుతుంది. ‘ఓ’ అంటే మెత్తన, గిన్నెలు చేసుకోవడానికి పనికొచ్చేది. ‘హెచ్ పద్దెనిమిది’ అంటే బాగా గట్టిది. ఇదంతా పట్టిక కిందే అచ్చువేసి ఉంది. చదవడం సంఘం విధుల్లో లేదు.

సంఘాధ్యక్షులు శ్యాంసుందర్ గారికి తెలిసిన టెంపర్ ఒకటే, తనకు ఎక్కువని ఇంట్లోవాళ్లు అనేది. పేదల నెత్తిమీద పద్దెనిమిది పాళ్ల కోపమున్న రేకు పెట్టడం శాంతిభద్రతలకు మంచిది కాదన్నారు. ‘ఓ’ని సున్నా అని చదివి, అది సాధురేకని తీర్మానించారు. సభ్యులు బల్లలు చరిచారు.

అలా ఒక సాధురేకు పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే గౌరీశ్వరి ఇంటిమీదికెక్కింది. కాకి వాలితే వంగింది. కొబ్బరికాయ పడితే మూకుడంత గొయ్యి పడింది. ఓ మాదిరి ఈదురుగాలికే అంచు లేచి చాపలా చుట్టుకుంది. ఆ కింద ఇద్దరు పిల్లలు, రేడియోలో మళ్లీ వాయుగుండం. గాలివాన రాకముందే దాన్ని మార్చి గట్టి రేకు ఇమ్మని ఆమె అర్జీ పెట్టింది. విచారణకొచ్చిన ఉద్యోగి రేకు చిరగలేదు, కాయ పగల్లేదు కాబట్టి ఇరుపక్షాలూ క్షేమమని నివేదించి, కాయ నీళ్లు తాగి వెళ్లాడు.

గౌరీశ్వరికి ఒళ్లు మండింది. పని మానుకుని టెక్కలి బస్సెక్కింది. రేకు ముక్కను శ్యాంసుందర్ గారి బల్లమీద పెట్టి, ఒంటిచేత్తో తమలపాకులా మడిచింది.

“ఇది ఇంటికప్పా బాబూ, గిన్నె రేకా? గాలొత్తే పిల్లల్ని దేని కింద దాచుకోమంటారు? గట్టిది ఇచ్చీవరకూ నానిక్కడినించి కదల్ను.”

ఆయన చాలా సౌమ్యంగా నవ్వారు. “టెంపర్ తగ్గించుకోమ్మా. ఆ రేకుని చూసి నేర్చుకో. ఎంత వంచినా మాట్లాడిందా?”

ఆమె కదల్లేదు. జవాన్లిద్దరు లాగినా కదల్లేదు. సంఘం అప్పటికప్పుడే సమావేశమై, శాస్త్రీయంగా పరిశీలించి, వాయుగుండం తీరం దాటకముందే ఉత్తర్వు చేతిలో పెట్టింది (ఇంత తొందరగా ఏ పనీ చేయలేదు పాపం): “లబ్ధిదారు తగినంత గట్టిగా ఉన్నట్టు నిర్ధారణ అయింది. ఈమెకు రేకు అవసరం లేదు. ఇచ్చినది వాపసు తీసుకోవలెను.”