అరగని పొర

కొలతలక్క ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నది. పదింటికి పరీక్ష ముగించాలి, పదకొండింటికి నివేదిక ఇవ్వాలి, రెండింటి రైలెక్కి నెలలు నిండిన కూతురి దగ్గరికి వెళ్ళాలి. పరీక్ష అయ్యేదాకా సెలవు మాటెత్తొద్దని పెద్దసారు ముందే చెప్పేశారు.

పరీక్ష ఒక మోటరుకి. చెవికి అందనంత వేగంగా వణికే లోహపు ఉంగరం మీద, పల్చటి పొర అంటించిన చక్రాన్ని అదిమి పెడతారు. ఆ వణుకే చక్రాన్ని తిప్పుతుంది. రాపిడికి పొర అరుగుతుంది. పొర పోతే మోటరు పోయినట్టే. రెండువేల గంటలు తిరిగాక ఎంత అరిగిందో తేల్చాలి. దుమ్ము పడుతుందని పెద్దసారు మోటరున్న పెట్టె మూత తెరవనివ్వలేదు. ఎనభై మూడు రోజులు ఆవిడ గంటల మీటరు మాత్రం చూసి సంతకం పెట్టింది.

పదింటికి, మందం చూపించే ముల్లు వైపు చూసింది. మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది.

"సార్, పొర అసలు అరగలేదు. నాకేదో..."

"అరగలేదా!" పెద్దసారు మిగతాది వినకుండానే ఫోనందుకున్నారు.

"అనుమానంగా ఉందండీ" అని ఆవిడ గోడకి చెప్పుకుంది.

పావుగంటలో కబురు పైవాళ్ళకి పాకింది. అరగంటలో 'రెండువేల గంటలు, అరుగుదల సున్నా' అని గుమ్మానికి అట్ట వేలాడింది. పదకొండున్నరకి, ఆ మోటరు కొనాలని చూస్తున్న కెమెరాల కంపెనీ నుంచి నెరిసిన జుట్టు ఇంజనీరమ్మ కారు దిగింది.

"ఏదీ, తిప్పి చూపించండి."

"తిరుగుతూనే ఉందండీ. చప్పుడు చెయ్యకపోవడమే దీని గొప్ప" అన్నారు పెద్దసారు.

"సరే, మూత తియ్యండి."

తీశారు. చక్రం అలిగిన కొత్తల్లుడిలా కదలకుండా కూర్చుంది.

"కరెంటు అందుతోంది సార్, అందుకే మీటరు నడిచింది" అని మెకానిక్ గొణిగాడు.

పెద్దసారు కొలతలక్క మీదికి తిరిగారు. "రోజూ ఏం చూశావమ్మా?"

"మీరు చూడొద్దన్నది వదిలేసి, మిగతాది చూశానండీ."

"మొదలెట్టకముందు దీన్ని ఊరికే ఉంచారా?" అనడిగింది ఇంజనీరమ్మ.

"ప్రారంభోత్సవానికి పెద్దసారు తీరిక చూసుకునేసరికి వారమైందండీ. అన్నీ వానలే" అన్నాడు మెకానిక్.

"ఇంకేం, తేమకి పొర ఉంగరానికి అంటుకుపోయింది." ఇంజనీరమ్మ గోటితో తట్టింది. చక్రం నిశ్శబ్దంగా తిరగసాగింది.

"అయితే ఇవాళ్టి నుంచి మళ్ళీ రెండువేల గంటలు. నువ్వు కదలడానికి వీల్లేదు" అన్నారు పెద్దసారు.

కొలతలక్క వేళ్ళ మీద నెలలు లెక్కేసింది. ఆ లెక్కన పుట్టబోయే బిడ్డ బోర్లాపడే వేళకి గానీ అమ్మమ్మ మొహం చూడదు.

భూతద్దంతో పొరని చూస్తున్న ఇంజనీరమ్మ తల ఎత్తింది. "ఆగండి. అరుగుదల సంగతి మాకు తెలిసిందే. బీరువాల్లో నెలల తరబడి ఉండి అంటుకుపోయే కెమెరాలతోనే చస్తున్నాం. ఇది ఇన్నాళ్ళు అంటుకుని, తట్టగానే ఊడింది, పొర చెక్కుచెదరలేదు. ఈ మోటరు మాకివ్వండి, ఇంకెవరూ ముట్టుకోవద్దు."

"మేం అనుకున్నదీ అదేనండీ" అన్నారు పెద్దసారు రెప్ప వెయ్యకుండా. ఆ తర్వాత, "ఏవమ్మా, రైలుందన్నావు, ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

మర్నాడు పైకి వెళ్ళిన నివేదికలో, చక్రం పొరపాటున కూడా తిరగకుండా పెద్దసారు తీసుకున్న జాగ్రత్తలకే రెండు పేజీలు పట్టాయి.