పెళ్లి కాలేదని మూడు ఆదివారాలు

ఆ ఆదివారం ఉదయం దావీదురాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చిలో ఆరాధన అయిపోగానే పాస్టరు అయ్యగారిని కలవాలి. చిన్నకూతురికి పెళ్లి కాలేదని ఒక కాగితం రాయించుకోవాలి. ఒంటిగంట లోపల ఇంటికొచ్చి సంగటి, కోడికూర తినాలి. ఇందులో తప్పటడుగు వేయడానికి చోటెక్కడుందని ఎవరైనా అనుకుంటారు. కానీ దావీదురాజు ముప్పై మూడేళ్లు పశువైద్యశాలల్లో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఎద్దు కిందపడి కాళ్లు కొట్టుకుంటున్నా ముందు దాని యజమాని పేరు రిజిస్టరులో రాసి, ఆ తర్వాతే సూది తీసేవాడు. అలాంటివాడి చేతిలో చిన్న పని చాలాకాలం చిన్నదిగా ఉండదు.

కాగితం సంగతి ఇది. పెద్దకూతురు మహిమ కెనడాలో స్థిరపడింది. అమ్మానాన్నలను శాశ్వతంగా తన దగ్గరికి పిలిపించుకోవడానికి అక్కడి ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టింది. అందులో తల్లిదండ్రుల మీద ఆధారపడిన బిడ్డగా చిన్నకూతురు జీవిత పేరు కూడా చేర్చింది. చిత్రమేమిటంటే జీవిత రెండేళ్లుగా ఆ కెనడాలోనే, అక్క ఇంటికి మూడు గంటల దూరంలో చదువుకుంటోంది. అంటే కెనడాలో ఉన్న పిల్ల, కోడుమూరులో ఉన్న అమ్మ కొంగు పట్టుకుని కెనడాలో అడుగుపెట్టాలి. చట్టం అలా ఉంది, చట్టంతో వాదించడం దావీదురాజుకు అలవాటు లేదు. ఆ పిల్లకు పెళ్లయి ఉండకూడదన్నది నిబంధన. అయిందన్న అనుమానం వచ్చినా పేరు కొట్టేస్తారని, వీలైతే ఏదైనా రుజువు పంపమని మహిమ ఫోనులో చెప్పింది.

దావీదురాజుకు కెనడా మీద ఏ ఆశా లేదు. చలంటే ఆయనకు భయం, కృపమణికి అంతకు రెట్టింపు భయం. కానీ జీవిత అక్కడ నిలదొక్కుకోవాలంటే ఇదే దారి అంది మహిమ. బిడ్డ కోసం మంచులోకైనా దిగుదామని మొగుడూ పెళ్లామూ ఒక మాట అనుకుని సంతకాలు పెట్టారు. ఆ తర్వాత ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరిలో ఎవరో ఒకరికి ఏడుపొస్తుందని ఇద్దరికీ తెలుసు.

"కర్నూల్లో లాయరు కాడికి పోతే గంటలో అఫిడవిట్టు రాసిస్తారంట గదా," అంది కృపమణి, చర్చికి బయలుదేరుతూ.

"అది ఎవురు పోయి అడిగినా రాసిస్తారు. దాన్ని ఎవురు నమ్ముతారు? చర్చి కాగితమంటే దాని విలువే వేరు," అన్నాడు దావీదురాజు.

పాస్టరు జయకుమార్ అయ్యగారు కడప నుంచి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలైంది. వయసులో చిన్నవాడు, పద్ధతిలో దావీదురాజుకు అన్న. ఆరాధన అయ్యాక విషయమంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ పాపను నేను ఒక్కసారి గూడా చూడల్యా. పెండ్లి కాలేదని నేనెట్ల రాసేదన్నా?" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఒక దారుండాది. మన సభ్యులు వేరే ఊర్లో పెండ్లి చేసుకుంటే ఆ చర్చికి మనం లెటరు ఇస్తాం గదా, ఈ మనిషికి ఇంతకుముందు పెండ్లి కాలేదు, అడ్డేమీ లేదు అని. ఆ లెటరు ఇయ్యొచ్చు. కాకపోతే దానికి మూడు ఆదివారాలు ప్రకటన చదవాల. ఎవురికన్నా అభ్యంతరం ఉంటే చెప్పమని సంఘాన్ని అడగాల."

దావీదురాజు ముఖం విప్పారింది. "చదవండి అయ్యగారూ. ఊరందరి ముందర మూడుసార్లు అడిగినాం, ఒక్కరూ నోరెత్తల్యా అంటే, ఇంతకంటే సాక్ష్యం ఏం గావాల?"

పెళ్లి లేదని చెప్పడానికి పెళ్లి ప్రకటన చదివించడంలో తిరకాసు ఏదైనా ఉందేమోనని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. గదిలో ఉన్నది వాళ్లిద్దరే.

మరుసటి ఆదివారం అయ్యగారు గొంతు సవరించుకుని చదివాడు. "ఈ సంఘ సభ్యులైన దావీదురాజు, కృపమణి గార్ల రెండవ కుమార్తె కుమారి జీవిత వివాహ విషయమై న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా ఉన్నయెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన." ఆడవాళ్ల వైపు ఉన్న తలలన్నీ కృపమణి వైపు తిరిగాయి. ఆమె బైబిలు తెరిచి, అందులో ఏ అధ్యాయముందో చూడకుండానే చదవసాగింది.

బయట చెప్పుల దగ్గరే మొదటి ప్రశ్న ఎదురైంది. అడిగినవాడు వేరుశనగ రైతు ఏసేపు.

"పెండ్లి యాడప్పా? ఈడనా, ఆడనా?"

"పెండ్లి కాదప్పా. పెండ్లి కాలేదని చెప్పేకి చదివిచ్చినాం."

ఏసేపు ఆయన ముఖంలోకి చూసి, భుజం మీద మెల్లగా తట్టి వెళ్లిపోయాడు. ఆ తట్టడంలో ఉన్న జాలి దావీదురాజుకు అర్థం కాలేదు. సాయంత్రానికి ఊరు ఒక నిర్ణయానికి వచ్చింది. పిల్ల అక్కడి తెల్లవాణ్ణి చేసుకుంటోంది, తండ్రి బయటికి చెప్పుకోలేక నలిగిపోతున్నాడు. కొందరు పెద్దమనసు చేసుకున్నారు కూడా. ఏ రంగు వాడైతేనేం, వాడూ దేవుని బిడ్డే అన్నారు.

రెండో ప్రకటన చదివిన తర్వాతి బుధవారం స్త్రీల సమాజం పెద్ద విశ్వాసమ్మ పదిమందిని వెంటబెట్టుకుని ప్రార్థనకు వచ్చింది. చాప పరిపించి, అందరినీ కూర్చోబెట్టి, "పిల్లోని పేరేమి సెల్లెలా? పేరు పెట్టి ప్రార్థన చేయాల," అంది.

కృపమణి అబద్ధమాడని మనిషి. "ఎవురో నాకు తెలీదక్కా. దేవునికే తెలుసు," అంది.

విశ్వాసమ్మ కళ్లు చెమర్చాయి. తర్వాత నలభై నిమిషాలు, దేవునికి మాత్రమే తెలిసిన ఆ యవ్వనస్థుడి కోసం, అతని తల్లిదండ్రుల కోసం, అతనికి తెలుగు రావడం కోసం ఆమె కన్నీళ్లతో ప్రార్థించింది. వసారాలో నిలబడ్డ దావీదురాజు కూడా చివర ఆమేన్ అన్నాడు. ప్రార్థనలో తప్పు పట్టడానికి ఆయనకు ఏమీ కనిపించలేదు. ఆడవాళ్లు వెళ్లాక షామియానా పరమేష్ వచ్చాడు. "డిసెంబరు ఇరవై ఏడు మీకోసం పట్టి పెట్టినా సారూ. చెప్పేకి మీరు మొహమాటపడతాండారని నాకు తెలుసు," అన్నాడు. ఎంత చెప్పినా తేదీ వదలలేదు.

ప్రకటన సంగతి ఎవరి నోటనో విని, మూడో ఆదివారం డోన్ నుంచి యేసుప్రసాద్ వచ్చాడు. కృపమణికి సొంత అన్న. చెల్లెలి ఇంటికి పోకుండా నేరుగా చర్చికే వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. అయ్యగారు ప్రకటన చదివి, ఆనవాయితీగా ఒక్క క్షణం ఆగాడు.

"నాకుండాది," అని యేసుప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"మీరెవురు?"

"ఆ పాపకు మేనమామను. మేనమామకు ఒక మాట చెప్పకుండా పెండ్లి యాడన్నా ఉండాదా అయ్యగారూ? అదే నా అభ్యంతరం."

అయ్యగారు కలం తీశాడు. "ఇది న్యాయమైందా కాదా పెద్దలు తేల్చాల. ఇప్పటికైతే రాసుకోవాల," అని రిజిస్టరులో రాశాడు. ఆ రాస్తున్నంతసేపూ దావీదురాజు కలం మొననే చూస్తూ ఉండిపోయాడు. రిజిస్టరులో పడింది చెరిపేది కాదని ఆయనకంటే బాగా తెలిసినవాడు ఆ చర్చిలో లేడు. ఇప్పుడు అయ్యగారు లెటరు రాస్తే, పిల్ల వివాహం గురించి అభ్యంతరం వచ్చిందనే రాయాలి. చివరి ప్రకటనకు అభ్యంతరం వచ్చిందని ఊరంతా చెప్పుకుంటుంది. ఈ మాట ఎక్కడెక్కడికి పోతుందో, చివరికి ఆ దేశపు ఫైలులో ఎక్కడ తేలుతుందో. బిడ్డ బతుకును తన చేత్తోనే పాడు చేశానని ఆయనకు నిజంగా దుఃఖం వచ్చింది.

చర్చి వెనక వేపచెట్టు కింద బావాబావమరుదులు ఎదురుపడ్డారు.

"పెండ్లి లేదు బావా. పిల్ల పేరు నిలబెట్టేకి కాగితం గావాల. పెండ్లి కాలేదన్న కాగితం," అన్నాడు దావీదురాజు. దరఖాస్తు సంగతంతా మొదటినుంచీ చెప్పాడు.

యేసుప్రసాద్ కోపమంతా ఎక్కడికో పోయింది. అరుగు మీద కూలబడ్డాడు. "అయితే మీరంతా పోతాండారా? ఇంక రారా? ఈ మాట గూడా నేను వచ్చి అడిగితే గాని చెప్పరా?" అన్నాడు.

కృపమణి అన్న పక్కన కూర్చుంది. "ఎట్ల చెప్పాల్నో తెలీక చెప్పలేదన్నా," అంది. అది నిజం. దాచాలని కాదు. చెబితే అది జరిగిపోయినట్టే అవుతుందని భయం.

అభ్యంతరం తీసెయ్యాలంటే పిల్లే స్వయంగా చెప్పాలని అయ్యగారు తేల్చాడు. సాయంత్రం ఆరున్నరకు, కెనడాలో తెల్లారి జీవిత నిద్ర లేచే వేళకు, అందరూ అయ్యగారి ఇంట్లో చేరారు. ఎవరూ పిలవకపోయినా విశ్వాసమ్మ కూడా వచ్చింది. బల్ల మీద ఫోను, ఫోను పక్కన రిజిస్టరు పెట్టారు. ఫోనులో జీవిత ముఖం కనిపించగానే అయ్యగారు నిటారుగా కూర్చున్నాడు.

"అమ్మా, నీకు పెండ్లయిందా?"

"లేదండీ," అంది జీవిత, నిద్రమత్తు వదిలిపోయి.

"ఎవురితోనన్నా మాట అనుకున్నారా?"

"లేదండీ."

"నిజమేనా పాపా?" అన్నాడు యేసుప్రసాద్, ముఖం ఫోను మీదికి వంచి.

"నిజమే మామా. ఉంటే నీకు చెప్పకుండా ఉంటానా?"

యేసుప్రసాద్ వెనక్కి వాలాడు. "నా అభ్యంతరం వాపసు తీసుకుంటాండా. రాసుకోండి," అన్నాడు. అయ్యగారు రాశాడు, తేదీ వేశాడు, సంతకం చేయించాడు. విశ్వాసమ్మ ముఖంలో మాత్రం నిరాశ. దావీదురాజుకు మూడు వారాల తర్వాత గుండె నిండా ఊపిరి వచ్చింది. పిల్ల గండం గడిచింది, ఇక లెటరు రావడమే తరువాయి.

"నాన్నా, ఇదంతా ఎందుకు?" అంది జీవిత.

"నీ పేరు ఫైలులో నిలబడేకమ్మా. నువ్వు ఆడనే ఉండేకి."

జీవిత ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. "ఈడనే ఉండిపోతానని నేను ఎప్పుడన్నా చెప్పినానా నాన్నా?"

"మరి సంతకం పెట్టింటివి గదా?"

"మీరిద్దరూ ఈడికి రావాలని ఆశ పడతాండారని అక్క చెప్పింది. మీరు ఈడికొచ్చేస్తే ఇంక నేను ఆడ ఎవురి కాడికి రావాల? అందుకే పెట్టినా."

కృపమణి ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. "మేము ఒప్పుకునిందే నీ కోసం గదమ్మా. ఆ చలి తలుచుకుంటేనే మీ నాయనకు రాత్రిళ్లు నిద్ర పట్టదు."

ముగ్గురూ ఒకరి కోసం ఒకరు, ఎవరికీ అక్కరలేని దేశానికి సంతకాలు పెట్టారన్నది అందరికీ ఒకేసారి అర్థమైంది. యేసుప్రసాద్ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అయ్యగారు రిజిస్టరు మూశాడు. దావీదురాజుకు నవ్వాలో ఏడవాలో తెలియక, తండ్రిగా అడగాల్సింది ఏదో ఉందని గుర్తొచ్చి అడిగాడు.

"మీ అక్కకు నేను చెప్తాలే. నీ చదువు ఎప్పుడు అయిపోతాది?"

"ఏప్రిల్లో. మే మొదటి వారం వచ్చేస్తా."

"మే నెలలోనా? ఎండ శానా ఉంటాదే పాపా."

"ఉండనీ నాన్నా. దానికోసమే వస్తాండా అనుకో."

కోడుమూరు మే నెల ఎండను కోరి అడిగిన మనిషి గురించి దావీదురాజు అరవై మూడేళ్లలో వినడం అదే మొదటిసారి.