ఇద్దరు సత్యవేణులు, ఒక పాప

అమ్మకాలు పన్ను పడే హద్దు దాటబోతున్న వారంలో, తణుకులో టిఫిను సెంటరు నడిపే సత్యవేణి పద్ధతి ప్రకారమే ఇద్దరయింది. అందులో వింతేమీ లేదు. వ్యాపారం పెరిగితే రెండో కొట్టును మొగుడి పేరునో, ఆడపడుచు పేరునో పెట్టుకోవడం ఆ వీధిలో మామూలే. ఇంట్లో పేర్లు అయిపోయినవాళ్ళు తామే రెండుగా విడిపోతారు. ఒక సత్యవేణి ఇడ్లీ పాత్ర దగ్గర నిలబడింది, ఇంకో సత్యవేణి అట్ల పెనం దగ్గర. మధ్యలో తడిక కట్టారు.

పాప మాత్రం ఒక్కతే మిగిలింది. చంటిపిల్లకు టర్నోవరు ఉండదు కదా.

పన్నులు వ్యాపారుల నిర్ణయాలను ఎలా మారుస్తాయో పరిశోధిస్తున్న జయదేవ్, యూనివర్సిటీ నుంచి వచ్చి అట్ల సత్యవేణి ఎదుట బల్ల మీద కూర్చున్నాడు.

"విడిపోవాలని నిర్ణయించింది మీరా, ఆవిడాండీ?"

"ఏమోనండీ. పొద్దున లేచి చూస్తే పాపకి అటుపక్క కూడా నేనే పడుకునున్నాను."

"పన్ను లేకపోతే?"

"ఎందుకు విడిపోతానండీ? పెద్ద పొయ్యి కొనుక్కునేదాన్ని."

జయదేవ్ ముఖం వెలిగిపోయింది. ఇలాంటి జవాబు కోసమే అతను మూడు జిల్లాలు తిరిగాడు. ఆ సంతోషంలోనే ఒక మాట చెప్పాడు. రెండు కొట్లకీ ఉమ్మడిగా ఏది కనిపించినా ఆఫీసువాళ్ళు రెండింటినీ ఒకటిగా కలిపేసి పన్ను వేస్తారట. చట్నీలు వేరుచేశారు, సరే. పాప ఇద్దరి చంకా ఎక్కుతోంది. ఎవరో ఒకరికే ఉండాలి.

"ఏం మాటలండీ అవి? కన్నది నేను!"

"మరి నేనేంటే, సంతలో కొనుక్కొచ్చానా?" తడిక అవతలి నుంచి తన గొంతే అరిచింది.

అబద్ధమని ఎలా అంటుంది? ఆ నొప్పులు అవతలి ఆమెకూ గుర్తే. చివరికి వ్యాపారమే తేల్చింది. ఇడ్లీలు పొద్దున్నే అయిపోతాయి, అట్లు పొద్దుగూకినా పోస్తూనే ఉండాలి. ఇడ్లీ సత్యవేణి పాపను భుజాన వేసుకుని ఇంటికి బయలుదేరింది. పాప భుజం మీదుగా వెనక్కి చూసింది. అమ్మ ఎత్తుకునే ఉంది. అమ్మ వెనక ఉండిపోయింది. ఏడవాలో లేదో తెలియక నోట్లో వేలు పెట్టుకుంది.

"ఆఖరి ప్రశ్నండీ. ఈ నిర్ణయం వల్ల మీరేమైనా పోగొట్టుకున్నారా?"

అట్టు మాడుతోంది. సత్యవేణి ఆలోచించింది. పిల్ల తల్లి దగ్గరే ఉంది. తల్లి కొట్లోనే ఉంది. ఎక్కడ వెతికినా తప్పు దొరకలేదు.

"ఏం లేదని రాసుకోండి."

పాప పాలు తాగే వేళయి, జాకెట్టు తడిసింది. పైట లాగి కప్పుకుని, అట్టు కోసం వరసలో తర్వాత నిలబడ్డాయన్ని అడిగింది.

"ఉల్లి వెయ్యమంటారా అండీ?"