కీర్తిశేషులవారి సోమవారాలు

ఆదివారంలోపు కావలసిన పనులు: రేవు వీధి గోడలకు సున్నం వేయించడం, కొత్త పేరు పలకకు తెర కట్టించడం, పసుపన్నం వండించి గోపురంలా పేర్పించడం, రచయిత విగ్న్యో సుమర్తా గారు చనిపోయేలా చూడడం.

చివరి పని కర్దిమాన్‌కు పడింది. సాంస్కృతిక శాఖలో తాత్కాలిక ఉద్యోగి. ఉప్పుమళ్లలో పనిచేసే ఇంట్లో మొదటి పట్టభద్రుడు. సుమర్తా గారి మీదే సిద్ధాంత వ్యాసం రాశాడు. ఆయన పుస్తకాలన్నీ నిషేధంలో ఉన్నందున ఒక్కటీ చదవకుండా, పూర్తి నిష్పక్షపాతంగా రాశాడు. ఆదివారం పేరు పెట్టే సభ సజావుగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు.

డచ్చివాళ్లను ఎదిరించి రాసినందుకు సుమర్తా గారి పేరు వీధికి పెట్టాలని ప్రభుత్వం పెద్ద మనసుతో తీర్మానించింది. ఆ రాతలకు డచ్చివాళ్లు ఆయన్ను రెండేళ్లు జైల్లో పెట్టారు. స్వతంత్రం వచ్చాక మనవాళ్లు పన్నెండేళ్లు పెట్టి, పరాయి పాలనను అందులోనూ మించిపోయారు. ఇప్పుడు ఇంటికి పంపారు గానీ, ప్రతి సోమవారం సైనిక ఠాణాకు వచ్చి మొహం చూపించాలి. అలాంటి మనిషి సభలకు రాకూడదు. బతికున్నవాళ్ల పేరు వీధికి పెట్టకూడదు. రెండు నిబంధనలకూ ఒకటే మందు.

కర్దిమాన్ వెళ్లేసరికి ముసలాయన వసారాలో లవంగాల సిగరెట్టు కాలుస్తున్నారు.

“తాతగారూ, చిన్న సాయం. ఆదివారం నుంచి మీరు కీర్తిశేషులు కావాలి.”

“నొప్పి ఉంటుందా?”

“లేదండీ. ప్రసంగంలో మాత్రమే.”

“మరి భోజనం?”

“పొట్లం పంపిస్తాం. గుడ్డు కూడా పెడతారు.”

“డచ్చివాళ్లు గుడ్డు పెట్టలేదు,” అని ఒప్పుకున్నారు ఆయన.

ఆదివారం జిల్లా పెద్ద బుపతి గారు మైకు ముందు కంటతడి పెట్టారు. “ఆ మహానుభావుడు ఇవాళ మన మధ్య ఉంటే ఎంత సంతోషించేవాడో!” అన్నారు. మహానుభావుడు రెండు వీధుల అవతల గుడ్డు తింటున్నారు. కర్దిమాన్ ఇంకా గట్టిగా ఏడ్చాడు. సభలో గౌరవించదగ్గ మనిషికిచ్చే పసుపన్నం గోపురం కొసా, పర్మనెంటు ఉత్తర్వూ అతని చేతికే వచ్చాయి.

సోమవారం ఠాణా సార్జంటు కబురంపాడు.

“మీ ముసలాయన రాలేదేం?”

“పోయారు కద సార్. బుపతి గారే చెప్పారు.”

“వీధికి పోయాడు. నాకు పోలేదు. పదింటికల్లా ఆ బెంచీ మీద మనిషి కనపడాలి. లేదా, నువ్వే పారిపోనిచ్చావని పైకి రాస్తా. నీ పర్మనెంటు నువ్వే చూసుకో.”

కర్దిమాన్ పరుగెత్తాడు. ముసలాయన బల్ల ముందు కూర్చుని తీరిగ్గా రాసుకుంటున్నారు.

“తాతగారూ, లేవండి. ఠాణాకు పోదాం.”

“చచ్చినవాణ్ణి బజార్లో నడిపిస్తావా నాయనా? జనం జడుసుకోరూ? నిన్న అందరికంటే గట్టిగా ఏడ్చింది నువ్వేనటగా.”

“నా ఉద్యోగం పోతుందండీ.”

“నా మీద పట్టా తీసుకున్నవాడివి. నా సంగతులు నీకంటే ఎవరికి తెలుసు? నువ్వే వెళ్లి కూర్చో.”

చదువు ఇన్నాళ్లకు అక్కరకొచ్చిందనుకుంటూ కర్దిమాన్ వెళ్లి కూర్చున్నాడు. సార్జంటు బెంచీ వైపు చూశాడు. మనిషి ఉన్నాడు. ముద్ర వేశాడు.

మీరెప్పుడైనా మా ఊరొస్తే, పలక మీది పేరును గుర్తుంచుకోనక్కర్లేదు, దాని సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. సోమవారం పొద్దున ఠాణా బెంచీ మీద కూర్చుని, “సుమర్తా” అని పిలవగానే లేచి నిలబడే పర్మనెంటు ఉద్యోగి కర్దిమాన్‌ను మాత్రం కాస్త గుర్తుంచుకోండి.