నున్నగా తిరిగిన ఆరతి

ఆ ఆదివారం పొద్దున తిరువేంగడం వేసుకున్న పథకం చిన్నదే. నాలుగు ఇడ్లీలు తినడం, మైలాపూరులోని తన వీడియో స్టూడియోకు పోయి పెండ్లి క్యాసెట్టు ముగించడం, సాయంత్రం మాధవరంలో బావ బాలకృష్ణన్ ఇంట్లో దాన్ని వేసి చూపించడం. పెండ్లి ఆ బావగారి పెద్దకూతురు లక్ష్మీప్రియది. అయి రెండు నెలలైనా బాలకృష్ణన్ సొంత చెల్లెలి ఇంటివైపు తొంగి చూడలేదు. క్యాసెట్టు ఆలస్యమైందన్న కోపమేనని తిరువేంగడం నమ్మకం.

ఆ చెల్లెలే తిరువేంగడం భార్య అమ్మణి. చట్నీ వడ్డిస్తూ నసిగింది. "ఏమండీ, లక్ష్మీప్రియకు ఆరతి పట్టేది క్యాసెట్లో వస్తాదా?"

ఆయన ఇడ్లీ ముక్కను చట్నీకి బదులు నీళ్ళలో ముంచాడు. పెండ్లికూతురికి మేనత్త ఆరతి పట్టే వేళకు తిరువేంగడం కెమెరాను కుర్చీలో పడుకోబెట్టి, భోజనాల పంతిలో కూర్చుని రెండోసారి పాయసం పోయించుకుంటున్నాడు. ఊళ్ళోవాళ్ళ పెండ్లిళ్ళన్నీ తీసి, కట్టుకున్నదాని ఆరతి తియ్యలేదని తెలిస్తే ఇంట్లో బతకనిస్తుందా?

"రాకుండా? బ్రహ్మాండంగా వస్తాది!" అన్నాడు.

అమ్మణి ఖాళీ గరిటెతోనే చట్నీ వడ్డించింది. ఎంత సంతోషమో పాపం అనుకున్నాడు ఆ అమాయకుడు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. అప్పుడు కంప్యూటరంటే ఏసీ గది, గది బయట చెప్పులు, మానిటరు నుదుట కుంకుమ బొట్టు. పెండ్లి క్యాసెట్టులో తామరపువ్వు విచ్చుకుని అందులోంచి పెండ్లికూతురు తేలి రాకపోతే బంధువులు ఊరుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు ఫోన్లో నిమిషంలో చేసి, నిమిషంలో మరిచిపోతున్నారు. ఆ భక్తి ఏదీ, ఆ ఓపిక ఏదీ!

స్టూడియోలో లైట్లు పట్టే కన్నియప్పన్‌ను పక్కన పెట్టుకుని టేపులన్నీ తిరగేశాడు. ముహూర్తం టేపుల్లో అమ్మణి ఎక్కడా లేదు.

"ఊరంతా తీసి ఇంటామెను వదిలేస్తివే అన్నా!" అన్నాడు కన్నియప్పన్.

"నువ్వు పక్క ఆకులో అప్పళం నములుతా ఉండలేదా? మూసుకోరా!"

చివరికి ముందురోజు నలుగు టేపులో దొరికింది, ఆకుపచ్చ చీరెలో, చందనం పళ్ళెంతో. ఆ బొమ్మను కంప్యూటరులో కత్తిరించి పీటల మీది జంట పక్కన నిలబెట్టాడు. చేతిని, పళ్ళేన్ని వేరుగా కత్తిరించి, పళ్ళెంలో ఒక దీపం పెట్టాడు. ఇక తిప్పితే సరి.

తిప్పడమే తంటా. తెర మీద నాలుగు చోట్ల చుక్కలు పెడితే చేయి వాటి వెంట నడవాలి. నడిచింది, మూలమూలకూ విరుగుతూ.

"ఏందన్నా ఇది! అక్క ఆరతి పట్టినట్టు లేదు, కిటికీ తుడిచినట్టుండాది."

ఒక్కో చుక్కకు రెండు పక్కలా మీసాల్లాంటి గీతలున్నాయి. వాటిని లాగితే దారి వంగుతుంది. ఒక మీసం లాగితే ఇంకో మీసం లేచింది. చేయి సరాసరి పోయి పెండ్లికొడుకు చెంపన పడింది. మధ్యాహ్నం అన్నం కూడా మానేసి సవరించగా సవరించగా, ఎక్కడా గతుకు లేకుండా గుండ్రంగా తిరిగింది. తిరువేంగడానికి కండ్లలో నీళ్ళొచ్చాయి.

"అన్నా, ఎడమకు తిరుగుతాండాది. శుభానికి కుడివైపు గదా తిప్పేది?" అన్నాడు కన్నియప్పన్.

దారిని మళ్ళీ తిరగేశాడు. ఆకుపచ్చ చీరెను ముహూర్తం నాటి ఎర్రచీరెగా మారిస్తే అమ్మణి ముఖం కూడా ఎర్రబడింది. ఆరతి వెలుగు అనుకుంటారులే అని వదిలేశాడు.

సాయంత్రం అమ్మణి తలనొప్పి అంది, కడుపునొప్పి అంది. ఆయన వింటేగా! స్కూటరెక్కించి మాధవరం తీసుకుపోయాడు. చాపల మీద చుట్టాలంతా టీవీ ముందు కూర్చున్నారు. బాలకృష్ణన్ చెల్లెల్ని "రా" అని కూడా అనలేదు. తామరపువ్వు విచ్చుకుంది, మంగళసూత్రం పడింది, ఎర్రటి ముఖంతో అమ్మణి వచ్చి ఆరతి పట్టింది.

లక్ష్మీప్రియ నోరు తెరిచి, అత్త ముఖం చూసి మూసుకుంది.

బాలకృష్ణన్ లేచి నిలబడ్డాడు. "అమ్మణీ! నువ్వు ఆడ ఉంటివా? నా బిడ్డకు ఆరతి పట్టకుండా అలిగి పోతివని రెండు నెలలుగా కుమిలిపోతాండానే! ఆ గలాటాలో నేనే చూసుకోలేదమ్మా, పాపిష్టివాణ్ణి!"

"లేదన్నా, తప్పంతా నాదే," అని అమ్మణి భోరుమంది.

"నీదేముండాది! చూడు, చేయి ఎంత నున్నగా తిరుగుతాండాదో!" అని ఆయన కండ్లు తుడుచుకుంటూ ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు. అన్నాచెల్లెళ్ళు ఒక ఆకులో తిన్నంత పని చేశారు.

తిరుగుదారిలో స్కూటరు వెనకనుంచి పిలుపు వచ్చింది. "ఏమండీ!"

"ఊఁ."

"వదిన సరిగా పిలవలేదని అలిగి, నేను మిద్దె మీద గదిలో తలుపేసుకోనుంటిని. మనసాగక దిగి వస్తే అంతా అయిపోయుండాది. ఆ పొద్దు ఎవురూ ఆరతి పట్టలేదు. నేను ఎప్పుడు పడితిని?"

తిరువేంగడం అవసరం లేకపోయినా గేరు మార్చాడు. "నేను పాయసం తాగేటప్పుడేమో అనుకుంటి."

వీపు మీద ఒక దెబ్బ పడింది. ఆ వెంటనే నవ్వు వినిపించింది. ఇల్లు చేరేదాకా ఆ నవ్వు ఆగలేదు.

మరుసటి ఏడు రెండో మేనకోడలు జనని పెండ్లిలో అమ్మణి నిజంగానే ఆరతి పట్టింది, తిరువేంగడం పస్తుండి మరీ తీశాడు. క్యాసెట్టు చూసినవాళ్ళంతా బాగుందన్నారు కానీ, లక్ష్మీప్రియ పెండ్లిలో పట్టినంత నున్నగా లేదన్నారు.