కోకాపేటకు వచ్చిన మంచు

మంచు చూడాలంటే హైదరాబాదు ప్రజలు ఇకమీదట కాశ్మీరు దాకా పోనక్కర్లేదనీ, ఆ మంచును కోకాపేటకే రప్పించిన ఘనత తమ ప్రభుత్వానిదనీ మంత్రిగారు రాయదుర్గం మీటింగులో ప్రకటించారు. హాలు దద్దరిల్లింది. ఆ మంచు అక్కడి రేగుల చెరువులో లేచే డ్రైనేజీ నురుగన్న సంగతి ఇంజనీరు ఉమాశ్రీ ఒక్కదానికే తెలుసనుకునేరు. అందరికీ తెలుసు. చప్పట్లు కొట్టనిది మాత్రం ఆవిడొక్కతే.

ఉమాశ్రీది తెనాలి. నీళ్ళను శుద్ధి చేసే చదువులో గోల్డ్ మెడల్ తెచ్చుకుని, ఆ చెరువు గట్టు మీద మురుగునీటి ప్లాంటు కట్టించింది. ప్లాంటుకు రెండుసార్లు ఘనంగా ప్రారంభోత్సవం జరిగింది. మోటార్లే ఒక్కసారీ తిరగలేదు. కరెంటు లైను మీరు వెయ్యాలంటే మీరు వెయ్యాలని రెండు శాఖలు మర్యాద చేసుకుంటున్నాయి. పాపం, ఆవిడ కోరికల్లా ఒక్కటే, రిటైరయ్యేలోగా ఆ మోటార్లు తిరగడం కళ్ళారా చూడాలని.

మీటింగయ్యాక ఉండబట్టలేక మంత్రిగారి దగ్గరికెళ్ళింది.

"సార్, అది మంచు కాదండీ. సబ్బూ మురుగూ కలిసిన నురుగండీ."

"మంచు తెల్లగుంటదా, లేదా అమ్మా?"

"ఉంటుందండీ."

"మరి ఇదేం రంగున్నది?"

"తెల్లగానే ఉందండీ. కానీ వాసన..."

"కాశ్మీర్ల వాసన రాదని నువ్వు పోయి చూసినవా?"

ఆవిడ కాశ్మీరు వెళ్ళలేదు. అక్కడితో సైన్సు ఓడిపోయింది.

ఇక చూడండి వైభవం! చెరువు 'స్నో పాయింట్' అయింది. ఐటీ కంపెనీలు టీమ్ అవుటింగులకు దిగాయి. గట్టు మీద గుడిసెలో ఉండే పోచమ్మ, "నురుగు ఇంట్లకొస్తుంది, పిల్లలు గోక్కోలేక సస్తున్నరు, జర ఏమన్న చెయ్యి బిడ్డా" అని ఉమాశ్రీ కనబడినప్పుడల్లా మొత్తుకునేది. ఇప్పుడామె నడి వేసవిలో స్వెటర్లు కిరాయికిస్తోంది. పక్కనే చర్మవ్యాధుల డాక్టరొకాయన బల్ల వేశాడు. స్నో పాయింటుకు ఆయనే మెయిన్ స్పాన్సరు.

విదేశీ కంపెనీల అతిథుల కోసం స్నో ఫెస్టివల్ పెట్టారు. రంగురంగుల లైట్ల కోసం గట్టు మీదికి రాత్రికి రాత్రే కరెంటు లైను వచ్చేసింది. ఉమాశ్రీ ఆ లైను చూసింది, తన ప్లాంటు చూసింది. ఎవర్నీ అడగలేదు. అడిగితే కమిటీ వేస్తారని ఆవిడకు అనుభవం. మోటార్లకు లైను కలిపించి, తానే స్విచ్చి వేసింది.

ఫెస్టివల్ నాటికి చెరువులో నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఉన్ని కోటు, చేతులకు తొడుగులు వేసుకుని దిగిన మంత్రిగారికి మంచు కనబడలేదు, కొంగలు కనబడ్డాయి. అతిథులు మర్యాదస్థులు, కొంగలకే ఫోటోలు తీసుకున్నారు.

ముందుగా పోచమ్మే వచ్చి పడింది. "నా కడుపు మీద కొట్టినవ్ కదనే బిడ్డా! ఇన్ని స్వెటర్లు ఇగ ఎవలకియ్యాలె?"

"శుభ్రం చెయ్యమని నువ్వే కదమ్మా అడిగావు?"

"గప్పుడడిగిన. గప్పుడు నా దగ్గర స్వెటర్లున్నయా?"

మంత్రిగారు ఉమాశ్రీని పక్కకు పిలిచారు. ఉద్యోగం ఊడిందనే అనుకుందావిడ. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన గొంతు కూడా పెంచలేదు.

"నురుగు తీసేసింది నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ."

"శభాష్. మళ్ళ పెట్టనీకొస్తదా? అతిథులు ఆదివారం దాంక ఉంటరు. పెడితే నువ్వే చీఫ్ ఇంజనీరు, స్నో విభాగమంత నీ చేతిల. రాదంటే ఫికర్ లేదు. ఆమెకు చేతకాదట అని వేరేటోళ్ళను పిలుస్త."

ఉమాశ్రీ ప్లాంటు వైపు తిరిగింది. ఇన్నేళ్ళకు తిరుగుతున్న మోటార్లు. తన చేత్తో తేటపడ్డ నీళ్ళు. ఆవిడకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది కూడా. మంత్రిగారు ఓపిగ్గా నిలబడ్డారు. తర్వాత ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మంచు మోకాళ్ళ దాకా చాలాండీ సార్, నడుం దాకా కావాలా?"